పంచామృతం తాగిన స్టీరియో

విజయవాడ ఆటోనగర్‌లో రవూఫ్ గారి షెడ్డుకి ఎవరు వెళ్లినా ఆయన మొదట అనే మాట ఒకటే. "చేతులు కడుక్కు రండి."

నమస్కారమూ కుర్చీ వెయ్యడమూ ఆ తర్వాతే. షెడ్డు గుమ్మం పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, మగ్గు, తాడుకు కట్టిన ఎర్ర సబ్బు, మేకుకి ఉతికిన తువ్వాలు ఉంటాయి. వచ్చినవాడు డాక్టరైనా లారీల యజమాని అయినా ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్లి రాకుండా ఆయన ఏ సామానూ అందుకోరు.

నన్నూ అలాగే అన్నారు. తెల్లవారుజామున తలస్నానం చేసి, పూజ ముగించుకుని, హనుమాన్ జంక్షన్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చినవాణ్ణి నేను. కారు స్టీరియోలు బాగుచేసే మనిషి నన్ను చేతులు కడుక్కోమనడమేమిటని లోపల చివుక్కుమంది. మాలాంటి ఇళ్లల్లో ఎవరు ఎవర్ని కడుక్కు రమ్మంటారో చిన్నప్పటి నుంచీ ఒక వరస నడుస్తూ వచ్చింది. ఆ వరస తిరగబడ్డందుకు వచ్చిన చిరాకు అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చిరాకు మీదే రోత పుడుతుంది. అయినా వెళ్లి కడుక్కున్నాను. స్టీరింగు పట్టుకున్న చేతుల నుంచి నీళ్లు నల్లగా దిగాయి.

ఆయన పూర్తి పేరు అబ్దుల్ రవూఫ్. అప్పటికి యాభైకి ఒకటో రెండో తక్కువ. తండ్రి వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసేవారట. ఈయన రేడియోల దగ్గర పని నేర్చుకుని, తొంభైల్లో కార్లలోకి టేపులు వచ్చాక ఆటోనగర్ చేరారు. సన్నటి మనిషి. తెల్ల చొక్కా మీద చిన్న మరక కూడా ఉండదు. ఆయన్ని ఆ వీధిలో అందరూ 'ఛీ సాయిబు' అనేవారు. మొదట్లో వెనకాల, తర్వాత ఎదురుగానే. ఆయన కోప్పడేవారు కాదు. నిజమేగా అనేవారు.

కార్లలో ఆయనకు దొరికే వస్తువుల సంగతి చెప్పడం మొదలుపెడితే వినేవాడికి అన్నం సయించదు. క్యాసెట్టు పెట్టే సందులో పిల్లలు కుక్కిన బిస్కట్లు, వాటి మీద లేచిన ఆకుపచ్చ బూజు. నమిలి ఉమ్మిన గుట్కా. శుభలేఖలు కొరికి ఎలుక పెట్టుకున్న గూడు, అందులో కళ్లు తెరవని పిల్లలు. ఒకసారి ఒక పెద్దమనిషి కారులో స్పీకరు వెనక కోడి ఎముకలు. "పైన రోజూ కడిగిస్తారండీ, మైనం పట్టిస్తారు. లోపల వేలు పెడితే డోకు వస్తుంది," అనేవారు. అది ఆయన మాటవరసకి అన్నది కాదు. నిజంగానే డోకు వచ్చేది. చేతిరుమాలుకి అత్తరు రాసి ముక్కుకి కట్టుకుని సెట్టు విప్పేవారు. మరీ పాడు సెట్టు విప్పిన రోజున ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ మూత తియ్యకుండానే తిరిగి వెళ్లేది. అంత అసహ్యం ఉన్న మనిషి ఆ పని మానలేదు.

మేము ఆయన దగ్గరికి ఎందుకు వెళ్లామో చెప్పాలి.

అది 2006. ఆ ఏడు ఆషాఢంలో మా ఆవిడ బాలసరస్వతికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత, మాట పూర్తిగా పోయాయి. మనం అన్నది తెలుస్తుంది, అనాల్సిందీ తెలుస్తుంది, నోట్లోంచి మాత్రం రాదు. ముప్ఫయ్యెనిమిదేళ్లు నా ప్రతి పనికీ ఒక మాట అన్న మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటే, ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయిన నాకు ఏ దస్తావేజు ఎక్కడ పెట్టాలో తెలుసు గాని, ఆ నిశ్శబ్దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

వారానికి మూడు రోజులు విజయవాడలో మాటలు నేర్పించే చోటికి తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ శాంభవి అని ఒక అమ్మాయి నేర్పేది. మాట పోయిన మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ తిరిగి వస్తుందని, తర్వాత ఒక్కో మాటకీ చాలా కష్టపడాలని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. అప్పటికే నాలుగు నెలలు గడిచాయి. బాలసరస్వతి ఆ అమ్మాయి ఎదుటా నోరు తెరవదు, ఇంట్లో పనిమనిషి ఎదుటా తెరవదు. వంకరగా వచ్చే తన గొంతు ఎవరైనా వింటారని సిగ్గు. కారు అద్దాలు ఎత్తేసి రోడ్డెక్కాక మాత్రం, నేను ముందుకే చూస్తూ ఉంటే, పెదవులు కదిపేది.

ఆ సంగతి చెబితే శాంభవి ఆ రాత్రే ఇంటి దగ్గర కూర్చుని తన గొంతుతో మాటలు రికార్డు చేసింది. 'నీళ్లు' అంటుంది, కాసేపు ఖాళీ. 'అన్నం' అంటుంది, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీలో బాలసరస్వతి అనాలి. మా మేనల్లుడు ఇచ్చిన బొటనవేలంత ఎంపీత్రీ ప్లేయరులో వాటిని ఎక్కించింది. జీతానికి చేసే పని కాదది. వారం వారం కొత్త మాటలు ఎక్కిస్తానని కూడా అంది.

చిక్కల్లా చెవిలో పెట్టుకునే వైర్లతో వచ్చింది. జబ్బు చేసిన దగ్గర నుంచీ చెవిలో ఏది పెట్టినా ఆవిడ పీకి పారేస్తుంది. అందుకని ప్లేయరు కారు స్టీరియోలోంచే మోగాలి. మా కారు తొంభై అయిదులో కొన్నది. ఆ కంపెనీ ఇప్పుడు మన దేశంలోనే లేదు. స్టీరియో కారుతో పాటే వచ్చింది, డ్యాష్‌బోర్డు పలక ఆకారంలోనే ఇమిడిపోయి ఉంటుంది. క్యాసెట్లు, రేడియో, అంతే. దానికి కొత్త ప్లేయరు తగిలించే రంధ్రం ఎక్కడా లేదు.

గవర్నరుపేటలో ఒక షాపుకి వెళ్లాను. షాపు పేరు రాయను, రాస్తే నా కలం కడుక్కోవాలి. కౌంటరు వెనక కుర్రవాడు కిళ్లీ నములుతూ, పక్కనున్న మొక్క కుండీలో ఉమ్మి, అదే చేత్తో మా కారు తలుపు తీసి, బూట్లతో సీటు మీద మోకాళ్లేశాడు. క్యాసెట్టు ఆకారంలో ఉండి తోకలా వైరు వేలాడే వస్తువొకటి సందులోకి తోశాడు. అది సగం వెళ్లి ఇరుక్కుంది. స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించేసరికి దాంతో పాటు సందు మీది చిన్న తలుపు ఊడి వచ్చింది. సెట్టు చచ్చిందని, పలక కోసి కొత్తది పెడతానని అన్నాడు. ఒద్దన్నాను. ఈలోగా వెనక చెయ్యి పెట్టి ఏవో రెండు వైర్లు కత్తిరించి, మళ్లీ మెలేసి టేపు చుట్టాడు. ఎందుకని అడిగితే చెకింగని చెప్పాడు. చివరికి సిగరెట్ లైటరు దగ్గర గుచ్చుకునే ఒక పెట్టె అంటగట్టాడు. ప్లేయరులోని శబ్దాన్ని అది గాలిలోకి వదులుతుంది, కారు రేడియో పట్టుకుంటుంది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని ఉండగానే, "మూగావిడకి పాటలెందుకండీ," అన్నాడు. ఎగతాళిగా కూడా కాదు, ఏదో వాన వచ్చేటట్టుందన్నట్టు.

రెండు రోజులు ఆ పెట్టె బాగానే మోగింది. మూడో రోజు నిడమానూరు దాటాక, శాంభవి గొంతు 'నీళ్లు' అంది. ఖాళీ వచ్చింది. బాలసరస్వతి పెదవులు తెరిచింది. 'నీ' అన్న శబ్దం సగం బయటికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఏదో స్టేషను అడ్డం వచ్చి, అడ్వర్టైజుమెంటులో ఎవరో మగవాడు పకపకా నవ్వాడు.

ఆవిడ నోరు మూసుకుంది. నేను పెట్టె పీకేశాను. తర్వాత పన్నెండు రోజులు కారులో కూడా పెదవి కదపలేదు. అయిదో నెల సగమైపోయింది.

శాంభవి వాళ్ల నాన్నగారి కారు రేడియో బాగుచేసిన మనిషి ఒకాయన ఉన్నాడని, కాస్త చాదస్తుడని ఆ అమ్మాయే చెప్పింది. అలా ఆ సోమవారం పొద్దున డ్రమ్ము దగ్గర నిలబడి చేతులు కడుక్కున్నాను.

మా ఆవిణ్ణి మాత్రం ఆయన డ్రమ్ము దగ్గరికి పంపలేదు. తనే మగ్గుతో నీళ్లు తెచ్చి, కుర్చీలో కూర్చున్న ఆవిడ చేతుల మీద ధారగా పోసి, తువ్వాలు అందించారు. పక్క బడ్డీలో టీ అమ్మే తెరేసమ్మ గ్లాసు సగానికే పోసి తెచ్చింది. మా ఆవిడ చెయ్యి వణుకుతోందని ఎవరూ చెప్పకుండానే చూసుకుంది. మిగతా సగం తర్వాత వేడిగా పోస్తానంది.

ప్లేయరు వెనక సంగతంతా చెప్పాను. రవూఫ్ గారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆ మాటలూ, మధ్య ఖాళీలూ చాలాసేపు విన్నారు. గవర్నరుపేట పెట్టెను రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, పేపరు మీద పెట్టి దూరంగా జరిపారు. ఇలాంటివి గాలిలో అరుస్తాయని, దారినపోయే ప్రతివాడూ మధ్యలో దూరుతాడని అన్నారు. తను సెట్టు విప్పి, క్యాసెట్టు శబ్దం వాల్యూము దగ్గరికి వెళ్లే దారిలోనే వైరు అతుకుతానని, ప్లేయరు గొంతు తిన్నగా లోపలికే వెళ్తుందని వివరించారు.

"అమ్మగారు మాట్లాడే చోట ఎవడూ రాడండి. అది నా పూచీ."

కారులోకి తొంగి చూసి ఆగిపోయారు. స్టీరియోకి సరిగ్గా పైన, చిన్న గట్టు మీద, మా పాలరాయి వినాయకుడు ఉన్నాడు. "స్వామిని మీరే తియ్యండి రావు గారూ," అన్నారు. తీసి రుమాల్లో పెట్టుకున్నాను. అడుగున జిగురుగా తగిలింది. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

కారు కొన్న మొదటి వారం నుంచీ ప్రతి శుక్రవారం ఆ స్వామికి ఒక చెంచాడు పంచామృతంతో అభిషేకం చేసేవాణ్ణి. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. తర్వాత అక్షింతలు, కుంకుమ. పైన పారింది గుడ్డతో తుడిచేవాణ్ణి. మాట ఉన్న రోజుల్లో బాలసరస్వతి ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు అడిగింది. ఆ నెయ్యీ తేనే ఎటు పోతున్నాయంటారు, వేలితో బొట్టు పెడితే చాలదా అని. స్వామి తాగుతున్నాడని నేను నవ్వేవాణ్ణి.

స్వామి తాగలేదు.

రవూఫ్ గారు సెట్టుని బయటికి లాగగానే మొదట వాసన వచ్చింది. బల్ల మీద పెట్టి, టేపు చుట్టిన ఆ రెండు వైర్ల వంక చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. అత్తరు రుమాలు కట్టుకుని నాలుగు మరలూ విప్పారు. మూత రాలేదు. నన్ను ఒక పక్క పట్టుకోమన్నారు. ఇద్దరం లాగితే బురదలోంచి కాలు పీకినట్టు శబ్దం చేస్తూ ఊడింది.

లోపల పదకొండేళ్ల శుక్రవారాలు ఉన్నాయి. పసుపూ నలుపూ కలిసిన ముద్ద ఒకటి పళ్లచక్రాల మీంచి సాగి తీగలు తీగలుగా వేలాడుతోంది. అందులో ఉబ్బిన అక్షింతలు, గడ్డకట్టిన కుంకుమ, బొద్దింకల గుడ్ల తిత్తులు, రెక్కలు, కాళ్లు. చీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. మధ్యలో ఎండిపోయిన బల్లిపిల్ల, నోరు తెరుచుకుని అతుక్కుపోయి ఉంది. మురిగిన పెరుగూ కాలిన నెయ్యీ కలిసిన వాసన. రవూఫ్ గారు గబగబా బయటికి వెళ్లి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. మిగతా సగం టీ పట్టుకొస్తున్న తెరేసమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగింది. నా వేళ్లకి ఆ జిగురు అంటుకుంది. నేను చేసిన పూజ ఇది. దేవుడి పేరు చెప్పి పోసిన ప్రతి చెంచా, పురుగులకి పెట్టిన మేతగా కళ్లెదుట కదులుతోంది. గవర్నరుపేట కుర్రవాడు కుండీలో ఉమ్మాడని ఏవగించుకున్నాను. నేను ఉమ్మకుండా చేసింది అంతకంటే శుభ్రంగా ఏం ఉంది?

కుర్చీ కిర్రుమంది. బాలసరస్వతి ముందుకు వంగి సెట్టులోకి చూస్తోంది.

"ఛీ," అంది.

వంకర లేదు, నత్తి లేదు. లోపలికి వస్తున్న రవూఫ్ గారు ఎక్కడి అడుగు అక్కడే ఆపేశారు. ఆవిడ సెట్టు మీంచి చూపు తీసి నా మొహంలోకి చూసింది. పెదవులు రెండుసార్లు కూడుకుని విడిపోయాయి.

"చె... చెప్పానా?"

అయిదు నెలల తర్వాత వచ్చే మొదటి మాట దేవుడి పేరు కావాలని మొక్కుకున్నవాణ్ణి నేను. శాంభవి జాబితా చివర నా చేత్తో 'రామ' అని రాసి కూడా పెట్టాను. వచ్చింది ఛీత్కారం, అదీ నన్ను. జిగురు చేతులతో కళ్లు తుడుచుకోలేక అలాగే నిలబడ్డాను. అవునని తలూపాను. చెప్పావు, చాలాసార్లు చెప్పావు.

రవూఫ్ గారు సంతోషమని అనలేదు, అల్లాని తలుచుకోలేదు. పట్టకారుతో ఆ బల్లిపిల్లని ఊడబెరికి, తన మొహం ఒక పక్కకి తిప్పుకుని, ఆవిడ ముందుకు చాచారు. "అమ్మగారూ, దీన్ని చూశారా?"

"ఛీ ఛీ. తీ... తియ్."

"చిత్తం," అని తీసేశారు. తర్వాత నావైపు తిరిగి, నేను మూత ముట్టుకున్నాను కాబట్టి మళ్లీ చేతులు కడుక్కు రమ్మన్నారు.

సెట్టు కడగడానికి మూడు రోజులు పట్టింది. పళ్లు తోముకునే బ్రష్షుతో, స్పిరిటుతో, ఒక్కో చక్రమూ విడదీసి తోమారు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదని వాళ్లావిడ నజీమా గారు తెరేసమ్మతో కబురంపి మరీ తిట్టించారట. కత్తిరించిన వైర్లు తిరిగి అతికారు. ప్లేయరు వైరుని సిగరెట్ బూడిద డబ్బా వెనక నుంచి బయటికి తీశారు. ఆ డబ్బాని కూడా సబ్బుతో కడిగి, ప్లేయరుకి అదే ఇల్లన్నారు. టేపు తీసేసిన ఒక ఖాళీ క్యాసెట్టు ఇచ్చారు. అది సందులో తిరుగుతుంటే చాలు, సెట్టు క్యాసెట్టే మోగుతోందనుకుని ప్లేయరు గొంతు వినిపిస్తుంది. ఏరిన అక్షింతలూ కుంకుమా కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. స్వామి దగ్గరవి గనక తన చెత్తబుట్టలో వెయ్యలేనని, ఏదైనా మొక్క మొదట్లో వేసుకోమని. ఇక నుంచి స్వామికి పువ్వే పెట్టమన్నారు.

సెట్టు మళ్లీ బిగించిన రోజు తిరుగు ప్రయాణంలో శాంభవి గొంతు 'నీళ్లు' అంది. ఖాళీలో ఎవరూ నవ్వలేదు. గన్నవరం దాటాక బాలసరస్వతి "నీళ్లు" అంది. దాహమనుకుని సీసా అందించబోయాను. ఛీ అని నా చెయ్యి తోసేసింది.

కారులో మాటలు ఒకటొకటిగా వస్తున్నా, మనుషుల ముందు మాత్రం నోరు అలాగే మూసుకుపోయేది. రవూఫ్ గారి షెడ్డు ఒక్కటే మినహాయింపు. వైరు సరిగా ఉందో లేదో చూస్తానని ఆయన ప్రతి సోమవారం మమ్మల్ని ఆగమన్నారు. రెండో సోమవారం వెళ్లేసరికి షెడ్డు బయట మేకుకి ఒక హార్లిక్స్ సీసా వేలాడుతోంది. వారమంతా కార్లలో దొరికిన వాటిలో మరీ నీచమైనవి ఏరి అందులో వేసి ఉంచారు. కనిపించగానే కాల్చి పారేసే మనిషి, మా ఆవిడ కోసం వాటిని దాచిపెట్టారు. ఇంటికి తెస్తే గుమ్మం తొక్కనివ్వనని నజీమా గారు ముందే చెప్పారట. కాలేజీలో చదువుకునే వాళ్లమ్మాయి తబస్సుం మాత్రం సీసా మీద 'అమ్మగారిది' అని ముద్దుగా రాసి ఇచ్చింది.

ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని, చూపు ఇంకోవైపు పెట్టి, సీసా ఎత్తి చూపించేవారు. బాలసరస్వతి తిట్టేది. ముందు ఛీలే. తర్వాత, "బొద్దింక." ఇంకో సోమవారం, "ఎముక. ఎవడు వాడు?" తెరేసమ్మ బేరాలు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడేది. సంగతి విని శాంభవి నవ్వి నవ్వి, అవే మాటలు తన గొంతుతో ప్లేయరులో ఎక్కించింది. లలితా సహస్రం వింటూ వెళ్లాలని నేను అనుకున్న కారులో, స్వామి ఎదుటే, ఒక అమ్మాయి తీయటి గొంతుతో 'బొద్దింక' అనడం, మా ఆవిడ శ్రద్ధగా 'బొద్దింక' అనడం, జంక్షన్ దాకా అదే పారాయణం.

సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక సోమవారం షెడ్డు నిండా కార్లు. నలుగురైదుగురు మనుషులు, అందరూ కొత్తవాళ్లే. రవూఫ్ గారు హడావుడిలో రుమాలు కట్టుకోవడం మరిచారు. సీసా మూత తీసి, అందులోదేదో వేళ్లతోనే పైకెత్తి మా ఆవిడకి చూపించి, మళ్లీ లోపల పడేశారు. ఎవరో పిలిస్తే అటు తిరిగి జవాబు చెబుతూ, తెరేసమ్మ అందించిన టీ గ్లాసు అదే చేత్తో పట్టుకున్నారు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది.

"రవూఫ్."

అందరూ తిరిగి చూశారు. బాలసరస్వతి ఆ కొత్తవాళ్ల వంక చూడలేదు.

"చేతులు... కడుక్కు రా, నాయనా."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి డ్రమ్ము దగ్గరికి వెళ్లారు. మాకు వీపు పెట్టి చాలాసేపు సబ్బు రుద్దుకున్నారు. మేకు మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నారు, తర్వాత మొహమూ తుడుచుకున్నారు.